వడియాల పక్కన ఎండిన రబ్బరు

టేబుల్ టెన్నిస్ బ్యాటుకి అంటించే రబ్బరుని ఎండబెట్టకూడదట. నూనె రాయకూడదట. మందు పూయకూడదట. ఘాటు వాసనొచ్చే జిగురుతో అంటించకూడదట. కంపెనీవాడు ఎలా పంపితే అలాగే వాడాలట. ఈ సంగతి నాకు అరవై దాటేక, మా అనకాపల్లిలోనే, ఇండోర్ హాల్లో నలుగురి ముందూ తెలిసింది. అప్పటికే ఎన్నో వేసవులు మా రేకుల మీద గుమ్మడి వడియాల పక్కన రబ్బరు ఎండింది.

ఎండబెట్టింది మా ఆయన. నా కోసం ఎండబెట్టేడు. ఇప్పుడాయన లేడు.

మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో పాకం చూసేవాడు. చెరుకురసం మరిగి చిక్కబడుతుంటే కాస్త తీసి గాజు పలక మీద వేసి, బొటనవేలితో రాసి, గింజ కట్టిందో లేదో చెప్పేవాడు. చెరుకు ఆడే క్రషింగ్ రోజుల్లో మనిషి ఇంటికి వచ్చినా రానట్టే. తిండి తింటూ నిద్రపోయేవాడు. ఒంటినిండా చెరుకుపాకం మడ్డి వాసన. తల రుద్దినా పోదు, బట్టలు ఉతికినా పోదు. చెరుకు అయిపోయి ఫ్యాక్టరీ కూత ఆగిపోయేక, ఎండలు ముదిరేక, అప్పుడు మా ఆయన నాకు దొరికేవాడు. అందరికీ పండగలు వేరే నెలల్లో వస్తాయి. నాకు మాత్రం ఆ కూత ఆగిన రోజే పండగ.

ఫ్యాక్టరీలో స్టాఫ్ క్లబ్బు ఒకటి ఉండేది. క్యారమ్ బోర్డూ, రేడియో, ఆకుపచ్చ బల్ల. ఆ బల్ల మీద మా ఆయన్ని గెలిచినవాడు లేడు. అయితే ఎండాకాలం వస్తే సగంమంది సొంతూళ్ళకి పోయేవాళ్ళు. కోటవురట్ల వాళ్ళు కోటవురట్ల, రాజయ్యపేట వాళ్ళు రాజయ్యపేట. బల్లకి అవతల మనిషి లేక మా ఆయన గోడకేసి కొట్టుకుంటూ ఉండేవాడు. ఒక సాయంత్రం నేను క్యారేజీ పట్టుకెళ్ళేను.

"ఒలే, ఆ క్యారేజీ అక్కడెట్టి ఇటు రా. అవతల నిలబడు," అన్నాడు.

"నిలబడి ఏటి సెయ్యాల?"

"బంతి వత్తాది. తిరిగి నా మొకాన కొట్టు."

"మొకాన కొట్టడానికి ఈ సెక్కముక్క ఎందుకు? ఇంట్లో సీపురు నేదేటి?"

నవ్వేడు. నవ్వుతూనే బంతి వేసేడు. కొంగు బొడ్లో దోపుకుని కొట్టేను. బంతి కిటికీలోంచి పోయి ఎక్కడో పడింది. వెతుక్కుని తెచ్చుకుని మళ్ళీ వేసేడు. కూర చల్లారిపోయింది. ఆ పూట మొదలైన ఆట ఆయన మంచం పట్టేదాకా నడిచింది.

నాకిచ్చిన బ్యాటు ఎవరికీ అక్కర్లేనిది. బదిలీ అయిపోయిన ఆఫీసరొకాయన వదిలేసి వెళ్ళిపోయేడు. మామూలు రబ్బరు నున్నగా, కొంచెం బంకగా ఉంటుంది. అది బంతిని పట్టుకుని తిప్పుతుంది. నా బ్యాటుకి ఒక పక్క మామూలుదే. రెండో పక్క మాత్రం పొడుగాటి బొడిపెలు, కాకరకాయ మీద ఉన్నట్టు, కాకపోతే వరసగా. ఆ పక్క బంతిని పట్టుకోదు. అవతలివాడు ఎలా తిప్పి కొట్టేడో అలా తిరుగుతూనే వాడి మీదకి పోతుంది. అంటే నేనేమీ చెయ్యక్కర్లేదు. వాడి బంతి వాడికే అప్పగించి ఊరుకోవడమే. ఆటలో నాకు నచ్చింది అదే. నేను ఎవరి జోలికీ పోను, నా జోలికి వచ్చినవాడికి వాడిదే తిరిగొస్తుంది.

ఒక మే నెలలో మా ఆయన ఆ బ్యాటుని సైకిలు క్యారేజీకి పెట్టి ఫ్యాక్టరీ యార్డులో మర్చిపోయేడు. పొద్దుటినించి సాయంత్రందాకా ఎండలో మాడింది. అయ్యో పాడైపోయింది అనుకున్నాం. ఆ సాయంత్రం ఆడితే బంతి తాగొచ్చినోడిలా నడిచింది. ఇటు వస్తుందనుకుంటే అటు ఊగింది. బల్ల మీద పడి లేవకుండా చచ్చింది. మా ఆయన బ్యాటు బంతికి తగల్లేదు, గాలికి తగిలింది. మళ్ళీ వేసేడు. మళ్ళీ గాలికే.

"ఒలేయ్, ఏటి సేసేవే?"

"నాకేటి తెలుసు? నువ్వేసిందే నీకిచ్చేను."

నా బ్యాటు లాక్కుని బొడిపెల మీద బొటనవేలు రాసేడు, పాకం చూసినట్టు. "గట్టిపడింది. నున్నగయ్యింది. ఎండ పని," అన్నాడు. ఆ మొహంలో అంత సంతోషం జీతం పెరిగినప్పుడు కూడా నేను చూళ్ళేదు. జీవితంలో మొదటిసారి ఓడిపోయేడు మరి, అదీ పెళ్ళాం చేతిలో.

ఆ తర్వాత ప్రతి వేసవీ అదే పని. పాతది అరిగిపోతే విశాఖపట్నం నుంచి కొత్త బొడిపెల రబ్బరు తెప్పించి, నేను వడియాలు పెట్టే రోజే ఆయన దాన్ని పెట్టేవాడు. క్వార్టరు వెనక స్నానాల గది రేకుల మీద పాత పంచె పరిచి, ఒక పక్క నా వడియాలు, ఒక పక్క ఇత్తడి పళ్ళెంలో ఆయన రబ్బరు. కాకులు వడియాల మీద వాలేవి గానీ రబ్బరుని ముట్టుకునేవి కావు. మధ్యాన్నం తిరగెయ్యాలి. మబ్బు పడితే దించెయ్యాలి. మంచు తగలనివ్వకూడదు. "వడియంలా ఎండాల, అప్పడంలా ఇరక్కూడదు," అనేవాడు. ఎప్పుడు దించాలో ఆయన వేలికి తెలుసు. ఒక్కసారి నేను మర్చిపోయి ఒక రోజు ఎక్కువ ఉంచేస్తే బొడిపెలు పటపటా రాలిపోయేయి. ఆ వేసవంతా మామూలు బ్యాటుతో ఆడి ఓడేను. "నీ వడియాలు మర్చిపోవు గానీ నా రబ్బరు మర్చిపోతావ్," అని దెప్పి దెప్పి చంపేడు.

నలభై దాటేక నేను అక్షరాలు దిద్దుకున్నాను. కాలనీలో ఆడవాళ్ళకి సాయంత్రంపూట పాఠం చెప్పేవాళ్ళు. పలక మీద దిద్ది ఇంటికి తెస్తే, ఎండుతున్న రబ్బరు పక్కన కూచుని మా ఆయన చదివించేవాడు. తప్పు చదివితే బంతితో నెత్తిమీద కొట్టేవాడు. నేను ఆటలో గెలిచిందానికి ఆయన కక్ష తీర్చుకోడం అదే.

ఫ్యాక్టరీ మూసేసేరు. కూత లేదు, మడ్డి వాసన లేదు, క్లబ్బు లేదు. క్వార్టరు ఖాళీ చేసి సబ్బవరం రోడ్డు వైపు చిన్న ఇంట్లోకి వచ్చేసేం. ఊళ్ళో ఇండోర్ హాల్లో పొద్దున్నపూట పెద్దవాళ్ళని ఆడుకోనిస్తారు. ఇద్దరం బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. కొత్తింటికి కూడా రేకులే. వడియాలు, రబ్బరు, అంతా మామూలే.

ఆఖరి వేసవికి ఆయన నిచ్చెన ఎక్కలేకపోయేడు. ఊపిరి అందేది కాదు. వాకిట్లో మంచం వేసుకుని పడుకుని, కింద నుంచి నాకు హుకుంలు.

"ఇంకొంచెం ఇవతలకి జరుపు. ఆ సెట్టు నీడొత్తాది."

"జరిపేను."

"తిప్పేవా?"

"ఇప్పుడే కదా తిప్పేను! నీకు మతి పోతందేటి?"

"పళ్ళెం వేడెక్కిందా సూడు. పళ్ళెం మీద సెయ్యెయ్యి."

"సెయ్యి కాలింది. సరిపోయిందా? దిగనా?"

దిగి పళ్ళెం ఆయన గుండెల మీద పెట్టేను. కళ్ళు మూసుకుని బొడిపెల మీద వేలు రాసేడు. చాలాసేపు రాసేడు. నిద్రపోయేడేమో అనుకున్నాను. "రేపు మధ్యాన్నందాకా ఉంచు. తర్వాత దించెయ్," అన్నాడు. మర్నాడు మధ్యాన్నం దించి నేనే బ్యాటుకి అంటించేను. సైకిలు పంచరు వేసే సొల్యూషనుతో. అదీ తప్పేనట, అది కూడా తర్వాత తెలిసింది. వానలు పడ్డాక ఆయన పోయేడు.

ఆ బ్యాటు బీరువాలో నా చీరల మధ్య పెట్టేను. తీయలేదు. వడియాలు కూడా పెట్టలేదు.

మా ఆయనతో ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పనిచేసిన ఒకాయన ఉన్నాడు. మా ఆయన్ని అన్నా అనేవాడు, నన్ను ఒదినా అంటాడు. నేను మరిదీ అంటాను. బట్టతల, పెద్ద గొంతు. ఈ మధ్య ఒకనాడు వచ్చి గుమ్మంలోనే మొదలుపెట్టేడు.

"ఒదినా, అనకాపల్లి జిల్లా అయ్యింతర్వాత మనకీ పోటీలొచ్చేయి. ముసిలోళ్ళ టేబుల్ టెన్నిస్. నీ పేరిచ్చేసేను."

"ఎవుడిమ్మన్నాడు?"

"అరవై దాటిన ఆడోళ్ళు జిల్లా మొత్తం మీద ఎందరుంతారు? నువ్వు నడిసి బల్లదాకా ఎల్తే సగం గెలిసేసినట్టే."

"నాను ఆడను. అవతల ఆయన నేకుండా నానెప్పుడూ ఆడలేదు."

"అన్న అవతల నేడు. ఇవతలున్నాడు కదా, నీ బ్యాట్లో."

నేనతన్ని తిట్టి పంపించేను. తలుపేసుకుని బీరువా తెరిచేను. బ్యాటు తీసి చూసేను. రబ్బరు అలాగే ఉంది. వాసన చూసేను. ఏ వాసనా లేదు, చీరల మధ్య కలరా ఉండల వాసన తప్ప. మర్నాడు పొద్దున్న బస్సెక్కి హాలుకి వెళ్ళేను. మరిది అప్పటికే బల్ల దగ్గరున్నాడు.

నిజం చెప్తాను. ఆ బ్యాటు పట్టుకున్న మొదటి పొద్దునే నాకు ఊపిరి వచ్చింది. మరిది ఎంత తిప్పి కొట్టినా బంతి ఊగుతూ పోయి అతని ముందు చచ్చింది. అతను తిట్టేడు. అచ్చం మా ఆయన తిట్టినట్టే తిట్టేడు. నేను ఇంకో బంతి అడిగేను. ఇంకోటి. ఆ వేసవి ఎండ ఇంకా ఆ రబ్బర్లో ఉంది. కింద నుంచి ఆయన చేసిన గోల ఉంది. పోటీలో గెలవాలని నాకేం లేదు. ఈ రబ్బరుతో పదిమంది ముందు ఒక్కసారి ఆడాలి. ఆయన చేసిన పని ఒక్కసారి బల్ల ఎక్కాలి. అదొక్కటే పట్టుకుంది నన్ను. పట్టుకుని వదల్లేదు.

పోటీల రోజు హాలు ముందు ఒక బల్ల వేసి తెల్లటి గుడ్డ పరిచేరు. ఆడేముందు అందరూ అక్కడ బ్యాటు చూపించాలి. బల్ల వెనక ఒక పడుచు అంపైరు, మనవరాలి వయసు పిల్ల. ముందర చిన్న చిన్న కొలత సామాన్లు. గోడకి తెలుగులో రాసిన కాగితం అంటించేరు. వరసలో నిలబడి కూడబలుక్కుంటూ చదివేను. రబ్బరుకి ఏమీ చెయ్యకూడదు, కంపెనీవాడు పంపినట్టే ఉండాలి అని ఉంది. అయినా కదల్లేదు. కదిలితే తప్పు ఒప్పుకున్నట్టు.

అంపైరు నా బ్యాటు తీసుకుని తిప్పి చూసింది. "అమ్మా, పిడి దగ్గర కంపెనీ పేరు కనబడాలి. ఇక్కడ అక్షరాలు చెరిగిపోయేయి," అంది.

"నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చేయి. దానికి తొందరగా పోయేయి," అన్నాను.

వెనక ఎవరో నవ్వేరు. ఆ పిల్ల నవ్వలేదు. మందం కొలిచింది, సరిపోయింది. ఇనుప స్కేలు ఆనించి ఎత్తుపల్లాలు చూసింది, ఫరవాలేదు. విశాఖపట్నం నుంచి తెప్పించిన డబ్బా ఒకటి రబ్బరు మీద బోర్లించింది. అది జిగురు వాసన పడుతుందట. చాలా నెలలైపోయింది కదా, వాసన ఏనాడో ఎగిరిపోయింది. డబ్బా ఏమీ అనలేదు. నాకు ధైర్యం వచ్చింది. ఆఖర్ని బొడిపెల మీద వేలు రాసింది. ఆగింది. మళ్ళీ రాసింది. ఒక చిన్న బిళ్ళ బొడిపెల మీద పెట్టి బ్యాటుని మెల్లిగా వాల్చింది. వాలీ వాలకముందే బిళ్ళ జర్రున జారి బల్ల మీద పడింది. రెండోసారి పెట్టింది. రెండోసారీ అంతే.

"ఈ రబ్బరు ఇంత జారకూడదమ్మా. దీనికేమైనా చేసేరా?"

"ఏటీ సెయ్యలేదు. ఎండబెట్టేం."

"ఎండబెట్టేరా? ఎక్కడ?"

"రేకుల మీద. వడియాల పక్కన."

ఈసారి హాలు హాలంతా నవ్వింది. ఆ పిల్ల కూడా పెదవి కొరుక్కుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "అలా చెయ్యకూడదమ్మా. రబ్బరుని ఏ విధంగానూ మార్చకూడదు. ఈ బ్యాటుతో ఆడనివ్వలేను. వేరే బ్యాటు తెచ్చుకోండి, మీ ఆట ఎక్కడికీ పోదు."

"మార్చింది మేం కాదు. సూర్యుడు. ఆయన్ని అడుగు."

"ఎండ దానంతటది తగిలితే తప్పు కాదు. మీరు ఎండబెడితే తప్పు."

"ఎండలో పెట్టకపోతే ఎండెలా తగుల్తాది?"

"నాతో వాదించకండమ్మా. నేనేం చెయ్యలేను. మీకొక్కరికి ఒప్పుకుంటే అవతల ఆడే ఆవిడకి అన్యాయం కదా?"

 నాకు వంకర మాటలు రావు. అన్యాయమే. మా ఆయన కూడా ఇరవై వేసవులు ఆ అన్యాయమే భరించేడు. కాకపోతే ఆయన ఇష్టపడి భరించేడు.

బ్యాటు తీసుకుని బయట మెట్ల మీద కూచున్నాను. మరిది వచ్చి పక్కన కూచున్నాడు. ఎప్పుడూ గోల చేసే మనిషి, తల దించుకుని మెట్టు మీద మట్టి గీకుతున్నాడు. నాకు అనుమానం వచ్చింది.

"నీకు తెలుసా, మరిదీ?"

"ఏటి?"

"ఇది కూడదని."

బట్టతల గోక్కున్నాడు. "తెలుసొదినా. అన్నకీ తెలుసు."

"ఎప్పుడు?"

"క్లబ్బు ఉన్నప్పుడే. కొత్త రూలొచ్చింది, ఇలగ నున్నగా జారే రబ్బర్లు ఆడకూడదని. అన్నే నాకు సదివి సెప్పేడు. సెప్పి, దానికి సెప్పకురా అన్నాడు. ఇది తెలిత్తే అది బ్యాటు అవతల పారేత్తాది, మళ్ళీ ముట్టుకోదు అన్నాడు. మనం ఊరి మూల ఆడుకునేవోళ్ళం, మనకెవుడు పెడతాడ్రా పరీచ్చ అన్నాడు."

బ్యాటు బోర్లా తిప్పి ఒళ్ళో పెట్టుకున్నాను. మరిది భయపడి, "కోపమొచ్చిందా ఒదినా?" అన్నాడు.

వచ్చింది. ఒళ్ళు మండింది. అన్నేళ్ళు పక్కలో పడుకున్న మనిషి, నా తల మీద బంతితో కొట్టి మరీ చదువు చెప్పిన మనిషి, ఈ ఒక్కటీ నాకు చదివి వినిపించలేదు. ఆయనే ఉంటే ఇంటికెళ్ళి కడిగేద్దును. "నువ్వు నన్ను గెలిపించేవా, ఎండ చేత గెలిపించేవా?" అని అడుగుదును. ఆయన ఏదో వెటకారం ఆడును. నేను రెండు రోజులు మాట్లాడకుండా కంచం టంగున పెడుదును. మూడోనాడు ఆయన బంతి తెచ్చి నా ఒళ్ళో పడేసును. అంతా నాకు కళ్ళకి కట్టింది, కంచం చప్పుడుతో సహా. తిట్టడానికి మనిషి కావాలని అంతగా ఎప్పుడూ అనిపించలేదు. ఆయన పోయిన రోజు ఏడ్చేను, పదో రోజు ఏడ్చేను. కానీ ఆ మెట్ల మీద కావలసొచ్చినంతగా ఆయన నాకు ఏ రోజూ కావలసి రాలేదు.

లోపల నా పేరు పిలిచేరు. వెళ్ళకపోదును గానీ, మరిది ఎవర్నో అడిగి ఒక బ్యాటు తెచ్చి చేతిలో పెట్టేసేడు. కొత్తది. దానికీ బొడిపెలున్నాయి, మెత్తగా, కంపెనీవాడు పంపినట్టే. "నాలుగు బంతులాడి వచ్చెయ్ ఒదినా. పేరిచ్చి రాకపోతే నవ్వుతారు," అన్నాడు.

అవతల కోటవురట్ల నుంచి వచ్చిన రిటైరైన టీచరుగారు. పంజాబీ డ్రెస్సు, తెల్లటి బూట్లు. ఒద్దికగా ఆడే మనిషి. నేను ఎప్పట్లాగే బంతికి బ్యాటు అడ్డం పెట్టేను. బంతి ఊగలేదు. బుద్ధిగా వెళ్ళి ఆవిడ ముందు లేచి నిలబడింది. ఆవిడ కొట్టింది. మళ్ళీ పెట్టేను, మళ్ళీ కొట్టింది. అన్నేళ్ళూ నేను అవతలివాడి తప్పు కోసం కనిపెట్టుక్కూచున్నాను. ఇప్పుడు ఆ తప్పు రావడం మానేసింది. బంతిని నేనే ఏదో చెయ్యాలి. ఏం చెయ్యాలో నా చేతికి తెలీదు. చేతికి తెలిసిందంతా ఆ పాత రబ్బరుతోటే తెలుసు. మధ్యలో ఒక బంతిని మామూలు పక్కతో గట్టిగా బాదేను, మూలకి తగిలింది, టీచరుగారు "శభాష్" అన్నారు. అదొక్కటే. మూడు గేములూ పోయేయి.

చేతులు కలిపేక ఆవిడ అక్కడే నిలబడింది.

"అమ్మా, మీరేమీ అనుకోకపోతే ఒకటడుగుతాను. ఆ వడియాల బ్యాటు తెచ్చేరు కదా. ఆ చివర బల్ల ఖాళీగా ఉంది. దాంతో నాతో కాసేపు ఆడతారా? అంపైరూ లేదు, లెక్కా లేదు."

 మరిది అడ్డొచ్చేడు. "ఒద్దొదినా. అదేటి, ఇంకో రబ్బరు వత్తాదా? ఆడితే అరిగిపోద్ది. ఇంటికి పట్టుకుపోయి అన్న పొటో పక్కన ఎట్టుకో."

అతను చెప్పింది మంచి మాటే. నేనూ అదే అనుకుంటున్నాను. బ్యాటుని కొంగులో చుట్టేసుకున్నాను కూడా. చుడుతుంటే గమనించేను, పిడి దగ్గర రెండు బొడిపెల మొదట్లో సన్నగా బీట. ఆడి కాదు. అప్పటికి నేను ఆడిందెంత? అదే ఎండిపోతోంది. బీరువాలో ఉన్నా, ఫోటో పక్కన ఉన్నా అది ఎండుతూనే ఉంటుంది. ఒకరోజు తుడవడానికి ముట్టుకుంటే అన్నీ రాలి నా చేతిలోకి వస్తాయి. అప్పుడు నేనేం చెయ్యను? ఆ బొడిపెలు సీసాలో పోసుకోనా?

"పదండి టీచరుగారూ," అన్నాను.

ఆ చివర బల్ల దగ్గర ఆవిడ మొదటి బంతి వేసింది. అడ్డం పెట్టేను. వెళ్ళింది బంతి, అటూ ఇటూ ఊగుతూ, బల్ల మీద పడి చచ్చింది. టీచరుగారి బ్యాటు గాలిలో సున్నా చుట్టింది.

"అమ్మ బాబోయ్! ఇదేం బంతి?" అని పగలబడి నవ్వేరావిడ. "ఇంకోటి, ఇంకోటి."

ఇంకోటి ఆడేం. ఇంకో పది ఆడేం. చుట్టూ జనం చేరేరు. టీచరుగారి బంతి ఆవిడకే తిరిగి పోతుంటే తలో మాటా అన్నారు. అంపైరు పిల్ల కూడా టీ గ్లాసు పట్టుకుని వచ్చి చూసింది. అప్పుడు టప్పుమని చిన్న చప్పుడయ్యింది. ఒక బొడిపె విరిగి నల్లగా బల్ల మీద పడింది, జీలకర్ర గింజంత. టీచరుగారు బ్యాటు దించేసేరు.

"అయ్యో! ఆపేద్దామమ్మా. నా మూలంగా పాడవుతోంది."

మరిది ఆ గింజని ఏరి అరచేతిలో పెట్టుకుని నా వైపు చూసేడు. అందరూ నా వైపే చూసేరు.

"మీరు బంతెయ్యండి," అన్నాను.

అలా ఆడుతూనే ఉన్నాం. ఆదివారాలు టీచరుగారు కోటవురట్ల నుంచి బస్సెక్కి వస్తారు. సగం పొద్దు కొత్త బ్యాటుతో ఆడతాను, రూలు ప్రకారం. కొనుక్కున్నాను ఒకటి. రబ్బరుని ఘాటు వాసన లేని నీళ్ళ జిగురుతో అంటించేను, ఎండ తగలకుండా సంచిలో పెడతాను. దాంతో ఇంకా ఓడిపోతూనే ఉన్నాను, కాకపోతే ఇదివరకంత సులువుగా కాదు. మిగతా సగం పాతదాంతో. పాతదానికి మధ్యలో అరచెయ్యంత మేర బోడైపోయింది. ఇంకా అంచుల్లో పని చేస్తుంది. అంచుకి తగిలేలా జరిగి ఆడటం నేర్చుకుంటున్నాను. అదీ ఈ ఏడాది దాటదు. నాకు తెలుసు. టీచరుగారికీ తెలుసు. "ఇంకోటి ఎండబెట్టుకోండమ్మా, పోటీకి కాదు, ఊరికే మనకి," అంటారావిడ. నేను వినబడనట్టు బంతి అందుకుంటాను.

మొన్న ఆదివారం ఒక బంతి సరిగ్గా అంచుకి తగిలింది. చాలా రోజుల తర్వాత అంత బాగా ఊగింది. టీచరుగారు రెండు పక్కలకీ చెయ్యి చాచి, ఎటూ అందక, కేకేసి నవ్వేరు. బంతి ఆవిడ కాళ్ళ మధ్య నుంచి బల్ల కిందకి దొర్లిపోయింది. తీసుకోడానికి ఆవిడ వంగేరు. నెట్టు అవతల, మా ఆయన నిలబడే పక్క, ఒక్క క్షణం ఎవరూ కనబడలేదు. ఆవిడ బంతి పట్టుకుని లేచేదాకా నేను బ్యాటు ఎత్తి పట్టుకుని అటే చూస్తూ నిలబడ్డాను.